ప్రార్థన అంశం

రోజ నన్ను చూసింది. చూసి, చూడనట్టే టికెట్ మిషన్‌లో ఏదో నొక్కుకుంటూ వెనక సీట్ల వైపు వెళ్లింది. పోనీ. ప్రభువా, ఇంతవరకు బాగానే నడిచింది. బస్సు ఎక్కాను, కిటికీ పక్కన సీటు దొరికింది, డ్రైవరు సంగమేశ్ ఇంజను స్టార్ట్ చేశాడు, ఇక నారాయణఖేడ్ డిపో నుంచి నాగల్‌గిద్ద దాకా గంటసేపు నా మేనకోడలికి నన్ను తప్పించుకునే వీలు లేదు. నాలుగు నెలలుగా ఇంటికి వెళ్తే తలుపు తియ్యదు, ఫోన్ చేస్తే ఎత్తదు, చర్చికి రావడమే మానేసింది. మా ఈరయ్యను, అంటే నా తమ్ముణ్ణి, రోజ తండ్రిని, మధ్యవర్తిగా పంపుదామంటే వాడు "మీ ఇద్దరి నడుమల నన్ను పెట్టకుండ్రి" అని చేతులెత్తేశాడు. అప్పుడు తట్టింది ఈ ఉపాయం. కండక్టరమ్మకు ఎవరి మీద ఎంత కోపమున్నా ప్రతి మనిషి దగ్గరికీ రావలసిందే, ఆడవాళ్ల ఆధార్ కార్డు చూడవలసిందే, ఉచిత ప్రయాణానికిచ్చే జీరో టికెట్ చింపి చేతిలో పెట్టవలసిందే. ముప్పయ్యేళ్లు సర్కారు బడిలో పిల్లల్ని ఆడించినదాన్ని, ఈ మాత్రం తట్టదా! తట్టినప్పుడు పొయ్యి ముందు ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా. జ్ఞానం కావాలని నిన్ను అడిగిన మాట నిజమే. వచ్చింది జ్ఞానమో, పుట్టుకతో ఉన్న జిత్తులమారితనమో ఇంకా తేలలేదు. నాగల్‌గిద్దలో నాకు ఏ పనీ లేదు.

చెప్పవలసింది మూడు అంశాలుగా సర్దుకున్నాను. పందొమ్మిదేళ్లుగా సంఘంలో స్త్రీల సమాజానికి నాయకురాలిగా ఉన్నదానికి ఏ మాటైనా మూడు అంశాలుగానే వస్తుంది. ఒకటి, నాది తప్పు. రెండు, నా ఉద్దేశం మాత్రం మంచిదే. మూడు, క్షమించడం గురించి ఒక వాక్యం. ఈ రెండో అంశం దగ్గరికి వచ్చినప్పుడల్లా అన్నంలో రాయి తగిలినట్టు ఆగిపోతున్నాను, ఎందుకో తెలియదు. చూడాలి. వ్యవధి కూడా లేదు. రోజ జహీరాబాద్ డిపోకు బదిలీ కోసం కాగితం పెట్టుకుందట, సోమవారం ఆర్డరు వస్తుందట. తల్లి పోయేనాటికి దానికి తొమ్మిదేళ్లు, అప్పటినుంచి నా చేతి అన్నం తిని పెరిగింది. నాకు వేరే పిల్లల్లేరు. ఇది ఇలాగే వెళ్లిపోతే, నేను చేసిన పని ఇలాగే మా మధ్య ఉండిపోతే, ఏ ముఖం పెట్టుకుని ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకోను? ఇప్పటికే నాలుగు నెలలు, నాలుగు మొదటి ఆదివారాలు ఆ బల్ల సంస్కారానికి ముందుకు వెళ్లలేదు. మోకాళ్ల నొప్పులని చెప్పాను. పాపం, మోకాళ్లు బాగానే ఉన్నాయి.

"జరుగమ్మా, జర," అంటూ ఒకామె వచ్చి పక్కన కూలబడింది. మెడలో లింగం, ఒళ్లో సంచి, సంచిలోంచి తొంగిచూస్తున్న కొత్త కొడవలి. డిపో గేటు దాటేలోపల ఆమె పేరు సిద్దమ్మ అనీ, నాగల్‌గిద్ద అవతల కర్ణాటక హద్దుకు ఆనుకుని చేను ఉందనీ, కంది కోతకొచ్చినా కూలీలు దొరకడం లేదనీ, చిన్న కోడలు అలిగి పుట్టింటికి పోయిందనీ, అలక ఎందుకో కూడా తెలుసుకున్నాను. నేను అడిగితే ఎవరైనా చెప్తారు. గొంతులో ఏదో ఉంది నాకు, ఎదుటివాళ్ల మూట దానంతటదే విప్పుకుంటుంది. అది నువ్విచ్చిన వరమని అనుకునేదాన్ని. మా అమ్మ ఇలాంటి సిద్దమ్మల చేలల్లోనే కంది కోసింది, గట్టు అవతల కూర్చుని అన్నం తిన్నది. ఇవాళ ఒకే సీట్లో ఈమె మోచెయ్యి నా పక్కటెముకల్లో గుచ్చుకుంటోంది. నాకు అది సంతోషంగానే ఉంది.

రోజ వచ్చింది. ఖాకీ కోటు, బిగించి వేసిన జడ, నిద్ర చాలని కళ్లు. చిక్కింది పిల్ల. పొద్దున ఏమైనా తిన్నదో లేదో.

"రోజా," అన్నాను.

"కార్డు చూపెట్టుండ్రి. ఏడికి?"

చూపెట్టుండ్రి! ఒళ్లో కూర్చోబెట్టుకుని అక్షరాలు దిద్దించిన పిల్ల నన్ను 'మీరు' అంటోంది. తిట్టినా ఇంత నొప్పి పుట్టేది కాదు. మన వైపు మర్యాద ఎక్కువైందంటే మనిషి దూరమైనట్టే. మూడు అంశాలూ ఎటు పోయాయో ఏమో, "నాగల్‌గిద్ద" అని మాత్రం అన్నాను. మిషన్ కిర్రుమని కాగితం కక్కింది. రోజ దాన్ని నా వేళ్లకు తన వేళ్లు తగలకుండా అందించి, సిద్దమ్మ వైపు తిరిగి, "అవ్వా, కొడవలి మొన లోపలికి పెట్టు, ఎవలకన్న గుచ్చుకుంటది" అంది. సిద్దమ్మను నువ్వు అంది. సిద్దమ్మ మీద నాకు అసూయ కలిగింది, దాచుకోవడమెందుకు.

చేతిలో టికెట్ పెట్టుకుని చూస్తున్నాను. సున్నా అని రాసి ఉంది. ఎంత దూరం పోయినా సున్నాయే. ఉచితంగా దొరికే కృప గురించి చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ ఉంటుందా, ఈసారి స్త్రీల కూడికలో దీన్ని చూపించి... చూశావా ప్రభువా, నా బుద్ధి! కడుపు మండుతున్నా కూడికకు ఉదాహరణ వెతుక్కుంటుంది. చిన్నప్పటి నుంచీ ఇంతే, దేన్నీ ఊరికే వదలను. పరిశుద్ధత ఎట్లుంటది అని ఏడేళ్లప్పుడు మా పాస్టరయ్యను అడిగాను. ఆయన నవ్వి, పెద్దయ్యాక తెలుస్తుందన్నాడు. అంతదాకా ఆగడం నావల్ల కాక నేనే కనిపెట్టాను, పరిశుద్ధత అంటే తెల్లచీర. మొదటి ఆదివారం సంస్కారానికి వచ్చే ఆడవాళ్లంతా నీలిమందు పెట్టి ఉతికి, గంజి పెట్టిన తెల్లచీరలు కట్టుకుని వచ్చేవాళ్లు. ఆ చీరల గరగర, ఆ గంజి వాసన, అదే పరిశుద్ధాత్మ అనుకున్నాను చాలా రోజులు. మా అమ్మకు తెల్లచీర లేదు. ఒక ఆదివారం అదే మట్టిరంగు చీరతో ఆమె అందరిలో లేచి ముందుకు వెళ్తుంటే, మా అమ్మ పరిశుద్ధురాలు కాదేమోనని నేను బెంచీ కింద దాక్కున్నాను. ఆ సిగ్గు గుర్తొస్తే ఇప్పుడు ఇంకో రకం సిగ్గు.

కిటికీ బయట కంది చేలు సగం కోసి సగం నిలబడి ఉన్నాయి. కోసినచోట కట్టెలు కుప్పలుగా వేసి ఉన్నాయి, వాటి పక్కనే జొన్న ఇంకా పచ్చగా నిలబడి ఉంది. దీని మీద కూడా ఒక ప్రశ్న ఉండేది నాకు. కంది కళ్లంలో ఉన్నవాడు వాన వద్దని ప్రార్థిస్తాడు, జొన్న వేసినవాడు ఒక్క వాన రావాలని ప్రార్థిస్తాడు, ఇద్దరూ మన సంఘంవాళ్లే, ఒకే వరసలో కూర్చుని ఒకేసారి కళ్లు మూసుకుంటారు. నువ్వెవరి మాట వింటావు? దీనికి మా అమ్మ దగ్గర జవాబు ఉండేది. "ఆయన వింటడు గని, చేసేది ఆయనిష్టం" అనేది. చదువు రాదు ఆమెకు. చేలో నడుం ఎత్తినప్పుడల్లా "దేవా, నువ్వున్నవ్ గద" అని, మళ్లీ వంగేది. అంతే ఆమె ప్రార్థన. నాకు ఉద్యోగం వచ్చిన కొత్తలో, నాలుగు మాటలు నేర్చినదాన్ని కదా, ఆమెకు పెద్ద ప్రార్థన నేర్పబోయాను. స్తుతితో మొదలుపెట్టాలి, పాపాలు ఒప్పుకోవాలి, ఆ తర్వాతే అడగాలి అని. పాపం, నా కోసం చాలా ప్రయత్నించింది, ఎక్కడో ఒకచోట తప్పిపోయేది. తర్వాత తర్వాత పెదాలు కదిలేవి గానీ మాట వినబడేది కాదు. తన ఆ చిన్న ముక్క కూడా నా ముందు అనడం మానేసింది. ఎందుకు మానేసిందని అప్పుడు నేను ఆలోచించలేదు.

ప్రార్థన రాకపోవడం గురించే కదా ఇదంతా. సంఘమంతటికీ తెలిసిన సంగతే కాబట్టి తల్చుకుంటే కొత్త పాపమేమీ లేదు. సెప్టెంబరులో ఒక సాయంత్రం రోజ డ్యూటీ దిగి మా ఇంటికి వచ్చింది. నేను జొన్నరొట్టెలు కొడుతున్నాను, అది పీట మీద కూర్చుని పెనం మీది రొట్టె తిరగేస్తోంది. "అత్తా, నాకు ప్రార్థన వస్తలేదు" అంది, ఉప్పు తక్కువైందన్నంత మామూలుగా. "రెండేండ్లాయె. కండ్లు మూసుకుంటె ఏం లేదు. టికెట్ మిషన్ సప్పుడే చెవుల్ల వినవడ్తది. చర్చిల అందరితోని లేస్తున్న, అందరితోని కూసుంటున్న. సండే స్కూల్ పిల్లల కాడ కూసున్న గంట మాత్రం జర మంచిగనిపిస్తది. నీకొక్కదానికే చెప్తున్న." నేను పిండిచేతులతోనే దాని తల నిమిరాను. ఏం చెప్పానో గుర్తు లేదు, ఏదో వాక్యమే చెప్పి ఉంటాను. అది నాలుగు రొట్టెలు తిని, చెయ్యి కడుక్కుని, తేలికపడ్డ ముఖంతో వెళ్లింది. అది మంగళవారం. శుక్రవారం స్త్రీల కూడికలో నేను లేచి నిలబడి, "మా రోజ కోసం భారంతోని ప్రార్థన చెయ్యుండ్రి. పిల్ల విశ్వాసం చల్లవడ్డది, రెండేండ్ల సంది ప్రార్థన చేస్తలేదు" అన్నాను.

ప్రార్థన అంశంగా చెప్పాను. చాడీగా కాదు. బావి దగ్గర చెప్తే చాడీ అవుతుంది, మోకాళ్ల మీద చెప్తే కాదు, ఇన్నేళ్లూ మా పద్ధతి అదే. ఎవరి అల్లుడు తాగుతున్నాడో, ఎవరి కూతురికి నెల తప్పడం లేదో, అన్నీ మేము ప్రభువు సన్నిధిలోనే తెలుసుకుంటాం. ఆ రాత్రికే సమాజం సెక్రటరీ గ్రేసమ్మ దాన్ని సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తప్పులు లేకుండా టైపు చేసి మరీ పెట్టింది. పొద్దుటికి చేతులు జోడించిన బొమ్మలు నలభైకి పైన వచ్చాయి. ఆ గ్రూపులో రోజ కూడా ఉందన్న సంగతి మా ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు. పిల్ల ఈ బస్సులోనే, మొదటి ట్రిప్పులో ఉన్నప్పుడు చదువుకుందట. ఆ తర్వాత ఒకామె నూనె పట్టుకుని ఇంటికి వచ్చి తల మీద చేతులుంచింది. ఇంకొకామె ఏ రహస్య పాపం అడ్డుపడుతోందో ఒప్పుకోమంది. సంఘ పెద్దలు కూర్చుని, విశ్వాసం కుదుటపడేదాకా సండే స్కూల్ వద్దులే బిడ్డా, విశ్రాంతి తీసుకో అన్నారు. అదే రోజు రోజ మా ఇంటికి వచ్చి పిల్లల హాజరు పుస్తకం, బొమ్మల అట్టలు నా మంచం మీద పెట్టి, "ఇంకెవలకన్న ఇయ్యి అత్తా" అని వెళ్లిపోయింది. అరిచి ఉంటే బాగుండేది. నేను ప్రేమతోనే చెప్పానని పాస్టరమ్మకు చెప్పాను, ఈరయ్యకు చెప్పాను, కూరలమ్మే ఆమెకు కూడా చెప్పాను. అందరూ అవునన్నారు.

"గీ కండక్టర్ పిల్ల నీకేమైతది?" అంది సిద్దమ్మ. ఇందాక నేను రోజా అని పిలిచిన మాట పట్టేసింది.

"మేనకోడలు."

"గట్లనా! మరి మాట్లాడుకుంటలేరేంది?" అని సీట్లో పూర్తిగా నా వైపు తిరిగింది. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఎంత కమ్మగా ఉంటుంది అలాంటి ముఖం ఎదురుగా ఉంటే! అంతలో ముందు సీట్లో ఒక ముసలామె "కల్హేర్ ఇంక రాకపాయె" అని గోల పెట్టింది. కల్హేర్ పోవలసిన మనిషి అటు బస్సు ఎక్కబోయి ఇటు ఎక్కింది, రోజ టికెట్లు కొడుతూ ముందు సీట్ల దాకా ఇంకా రాలేదు, ఇప్పటికి పావుగంట దూరం వచ్చేశాం. ఎవడో నవ్వాడు. "బోర్డు సూసుకోవాలె గద ముసలీ" అన్నాడు. రోజ విజిల్ వేసి బండి ఆపించింది. "అక్షరాలు రానోళ్లు బోర్డు ఎట్ల చదువుతరు? నువ్వు చదివి చెప్పకపోతివి?" అని వాడి నోరు మూయించి, ముసలామెను చెయ్యి పట్టి దింపి, వెనక్కి నారాయణఖేడ్ వైపు పోతున్న ఆటోను ఆపి, కల్హేర్ ఆటోలు నిలబడేచోట దించమని ఆటోవాడికి రెండుసార్లు చెప్పి, వాడి చేత రెండుసార్లు అనిపించి, అప్పుడు ఎక్కింది. ముసలామె చెయ్యి ఊపుతూనే ఉంది. ప్రభువా, నాకొక సందేహం. నేను రోజూ పొద్దున గంటసేపు నీ సన్నిధిలో ఉంటాను. ముసలమ్మ ఎక్కేటప్పుడు నేను డోరు పక్కనే ఉన్నాను, కల్హేర్ కల్హేర్ అని గొణుక్కోవడం విన్నాను, నా మూడు అంశాల ధ్యాసలో పట్టించుకోలేదు. ప్రార్థన రాని మనిషి పట్టించుకుంది. ఇది నాకు అర్థం కావడం లేదు, నిజంగానే అడుగుతున్నాను.

తండా దగ్గర బస్సు ఆగింది. ఒక పడుచుపిల్ల ఎక్కింది. కాళ్లకు చెప్పుల్లేవు, చేతిలో ప్లాస్టిక్ సంచి, ఏడుపు. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగని ఏడుపు. బస్సంతా తిరిగి చూసింది. "ఏమైందే? మొగడు కొట్టిండా?" "ఎవలన్న సచ్చిపోయిండ్రా?" "పిల్లల ఇడిసిపెట్టి వస్తున్నవా?" అని మూడు వైపుల నుంచి అడుగుతున్నారు. ఆ పిల్ల ఎవరికీ జవాబు చెప్పడం లేదు. "ఎవ్వలేం అడగకుండ్రి," అని రోజ ఆమెను తీసుకెళ్లి తన సీట్లో, కండక్టరు సీట్లో కిటికీ వైపు కూర్చోబెట్టింది. నేను లేచాను. ఎప్పుడు లేచానో నాకే తెలియదు, కడ్డీలు పట్టుకుని ఊగుతూ వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వేశాను. "ఏమైంది బిడ్డా? నాతోని చెప్పు. చెప్తే బరువు దిగుతది" అన్నాను, నా ఆ గొంతుతో. ఆ పిల్ల తలెత్తి నా ముఖంలోకి చూసింది. పెదాలు విడివడ్డాయి. చెప్పబోతోంది.

"అత్తా," అంది రోజ, నాకు తప్ప ఇంకెవరికీ వినపడకుండా. "పోయి నీ సీట్ల కూసో."

నాలుగు నెలల తర్వాత అత్తా అంది. సంతోషించాలో చచ్చిపోవాలో తెలియక వచ్చి కూర్చున్నాను. చెవులు మండుతున్నాయి. సిద్దమ్మ ఆత్రంగా "ఏమన్నది, ఏమన్నది?" అంటోంది. ఏమీ అనలేదు. రోజ ఏమీ అననివ్వలేదు. నేనేం తప్పు చేశాను, ఏడుస్తున్న పిల్లను ఓదార్చబోయాను, అంతే కదా? ఆగు ఎలీసబెతూ. అంతేనా? ఆ పిల్ల ఏడుపు నన్ను లేపిందా, ఎందుకు ఏడుస్తోందన్న ఆత్రం లేపిందా? ఇంకెవరూ అడగకముందే నేను అడగాలని, మూడు వైపుల నుంచి అడిగినవాళ్లకు చెప్పనిది నాకు చెప్పాలని, ఆ నాలుగడుగులు వేస్తున్నప్పుడు నా గుండె కొట్టుకున్న తీరు దుఃఖంది కాదు. సంతలో గారడీవాడు పెట్టె తెరుస్తుంటే ముందువరసలో నిలబడ్డ పిల్లది. అరవై ఒకటి నాకు. ఇంతకాలం ఇది జాలి అనుకున్నాను. ఇప్పుడు దాన్ని ఇంత దగ్గర నుంచి చూస్తుంటే భయం వేస్తోంది, అయినా చూపు తిప్పబుద్ధి కావడం లేదు. దీని లోపల ఇంకేం ఉందో చూడాలని ఉంది.

సరే, చూద్దాం. ఆ శుక్రవారం. చాప మీద పన్నెండు మంది. అంశాలు ఒక్కొక్కరే చెప్తున్నారు. ఒకామెకు మోకాలు, ఒకామె కొడుక్కి ఉద్యోగం. గ్రేసమ్మ తన ఆడబిడ్డకు గడ్డ లేచిన సంగతి చెప్పింది, అందరూ అయ్యో అన్నారు, పెద్ద అయ్యో. తర్వాత నా వంతు. నాయకురాలిని. నా దగ్గర ఏమీ లేదు. అమ్మ పోయింది, పెనిమిటి పోయి పదేళ్లయింది, నాకు జబ్బు లేదు, బాధ లేదు, పదకొండు జతల కళ్లు నా వైపు తిరిగినప్పుడు ఇవ్వడానికి నా దగ్గర ఒక్క రోజ మాటే ఉంది. చెప్పాను. ఆ అయ్యో గ్రేసమ్మకు వచ్చిన అయ్యో కంటే పెద్దది. ఒకామె నా చెయ్యి పట్టుకుంది. కన్నీళ్లు పెట్టుకున్నాను, ఆ కన్నీళ్లు కూడా నాకు బాగున్నాయి. నాకు బాగుంది! అన్నంలో రాయి ఇదే. నా ఉద్దేశం మంచిదే అన్న అంశం కింద ఉన్నది ఇదే. నాలుగు నెలలు మోకాళ్ల మీద ఉండి అన్ని పాపాలూ ఒప్పుకున్నాను, దీన్ని తప్ప, ఎందుకంటే ఇది నాకు పాపంగా కనబడనే లేదు. ప్రభువా, నువ్వు మాత్రం చూస్తూనే ఉండి ఉంటావు, ఆ చాప మీద పదమూడోవాడిగా కూర్చుని. ఒక్క మాట చెప్పలేకపోయావా?

ఏడ్చిన పిల్ల ఒక మలుపు దగ్గర దిగింది. రోజ తన నీళ్ల సీసా ఆమె చేతిలో పెట్టింది. ఆ పిల్ల చేలకు అడ్డంపడి నడిచిపోయింది, ఎటు పోయిందో, ఎందుకు ఏడ్చిందో, ఆమె పేరేమిటో నాకు తెలియదు. ఎప్పటికీ తెలియదు. మెడ తిప్పి కనబడినంత దూరం చూశాను. తెలియకపోవడం ఒంట్లో దురదలా ఉంది, గోకకుండా కూర్చున్నాను. కాసేపటికి ఒక విచిత్రం జరిగింది, పేరు తెలియని ఆ పిల్ల కోసం ప్రార్థన వచ్చింది. చెప్పడానికి సంగతేమీ లేదు కాబట్టి మాటలు కూడా లేవు, ఊరికే ఆమె నడక కళ్ల ముందు పెట్టుకుని కూర్చున్నాను. నా బతుకులో అంత చిన్న ప్రార్థన చేసి ఎరగను.

నాగల్‌గిద్దలో బస్సు ఖాళీ అయింది. సిద్దమ్మ దిగుతూ "కోపాలెన్ని దినాలుంటయమ్మా, కలిసి ఉండుండ్రి" అని, నేను ఏమీ చెప్పనందుకు కొంచెం చిన్నబుచ్చుకునే వెళ్లింది. సంగమేశ్ చాయ్ తాగడానికి పోయాడు. రోజ తన సీట్లో కూర్చుని కాగితాల్లో ఏదో రాసుకుంటోంది. వెళ్లి ఎదుటి సీట్లో కూర్చున్నాను. బయట ఎవరో కన్నడంలో గట్టిగా ఎవరినో పిలుస్తున్నారు. 

"రోజా, నీ మంచి కోసం జెప్పిన అని అందరితోని అన్న. అబద్ధం," అన్నాను. "ఆ దినం నా కాడ చెప్పెతందుకు ఏం లేకుండె. నీ మాట చెప్తె అందరు నా దిక్కు జూసిండ్రు. నాకు మంచిగనిపించింది. అందుకే జెప్పిన."

రోజ కలం ఆగింది. "మంచిగనిపించిందా?"

"అనిపించింది."

రోజ కలం మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది. "అందరొచ్చి మీ అత్త ప్రేమతోనే చేసింది, ప్రేమతోనే చేసింది అంటుండ్రి," అంది చివరికి.  "ప్రేమ గిట్లుంటదా అని భయమైంది అత్తా నాకు. ప్రేమ గిదే అయితె ఇగ దేవుని ప్రేమ ఎట్లుంటదో అనుకున్న. గది కాదన్నవ్ గద ఇప్పుడు. గంతే చాలు."

నేను ఏడ్చాను. ఈసారి ఎవరూ చూడటం లేదు, రోజ కూడా కిటికీ వైపే చూస్తోంది. క్షమించావా అని అడగాలని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. రోజే చెప్పింది, "కోపమింక పోలె. బదిలీ కాగితం గూడ వాపస్ తీసుకోను. జహీరాబాద్‌ల నన్నెవ్వలు ఎరుగరు, జర సప్పుడు లేకుంట ఉంటది" అని. "మంచిది," అన్నాను. మంచిది అని నాకు అనిపించలేదు.  పాపం ఒప్పుకుంటే పోయినవన్నీ తిరిగి వస్తాయని పందొమ్మిదేళ్లు చెప్పాను కూడికల్లో. అన్నీ రావు.

తిరుగు ప్రయాణంలో జనం తక్కువ. టికెట్లు కొట్టడం అయ్యాక రోజ వచ్చి నా పక్కన కూర్చుంది.  తర్వాత, ముందుకే చూస్తూ, ఒక సంగతి చెప్పింది. ఆ రెండేళ్ల కిందట ఏం జరిగిందో, ప్రార్థన ఎక్కడ ఆగిపోయిందో. సెప్టెంబరులో ఆ సాయంత్రం నేను వాక్యం చెప్పకుండా ఊరుకుని ఉంటే అప్పుడే చెప్పి ఉండేది. నువ్వు విన్నావు ప్రభువా, నేనూ విన్నాను. మళ్లీ నీకు చెప్పను. దాని చెయ్యి పట్టుకుందామా వద్దా అని ఆలోచిస్తుండగానే నా ఫోన్ మోగింది. గ్రేసమ్మ. ఆమె గొంతు ఎప్పుడూ స్పీకరు అక్కర్లేని గొంతు.

"అక్కా, రోజ బండ్ల నాగల్‌గిద్ద పోయినవంట గద! ఏమన్నది పిల్ల? రేపు శుక్రవారమాయె, అంశం రాసుకోవాల్నా?"

రోజ విన్నది. కదల్లేదు. 

"రాసుకో," అన్నాను. "ఎలీసబెతు నోరు కట్టుల ఉంటలేదు, మంది సంగతులు చెప్పి పెద్దదైతున్నది, ఆమె కోసం ప్రార్థన చెయ్యుండ్రి అని రాసుకో."

"అవ్వో! ఏందక్కా గట్లంటవ్? గది గ్రూపుల ఎట్ల పెట్టాలె?"

"నా పేరు పెట్టే రాయి. అందరు చదవాలె," అని ఫోన్ పెట్టేశాను.

బస్సు ఖేడ్ వైపు పోతోంది. రోజ నా వైపు తిరిగింది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు అంతుపట్టలేదు.

"గామె నిజంగనే పెడ్తది అత్తా," అంది.

"పెట్టనీ," అన్నాను.